కుక్క ధమని: హైదరాబాదు నుండి కోరుట్ల వరకు

పశువైద్యశాలలో కుక్కకు నెత్తురు తీయుట మనలో పెక్కురు చూచియే యుందురు. ముందుకాలి మీది వెండ్రుకలు కత్తిరించి, రబ్బరు పట్టీ బిగించి, పైకి తేలిన సిరలో సూది గ్రుచ్చుదురు. నలుపు కలిసిన ఎఱ్ఱని రక్తము మెల్లగా సిరంజిలోనికి వచ్చును. సూది తీసిన పిమ్మట కొంచెము దూదితో కాసేపు అదిమిన చాలును. అది సిర సంగతి. ధమని సంగతి వేరు. గుండె నుండి అప్పుడే బయలుదేరిన రక్తము అందులో పరుగెత్తుచుండును. ఆరోగ్యముగా నున్న కుక్క ధమనిలో సగటు ఒత్తిడి 90 నుండి 120 మిల్లీమీటర్ల పాదరసమును నిలబెట్టగలిగినంత యుండును. సిరలోని ఒత్తిడి దాని ముందు లెక్కలోనికి రాదు.

మరి అంత ఒత్తిడి గల నాళములో సూది గ్రుచ్చుట ఎందుకు? ఊపిరితిత్తులు గాలిలోని ప్రాణవాయువును రక్తమునకు సరిగా అందించుచున్నవో లేదో సిరలోని రక్తము చెప్పజాలదు. అది అప్పటికే ఒళ్ళంతయు తిరిగి, తెచ్చినదంతయు ఖర్చు చేసికొని మరలివచ్చుచున్న రక్తము. ఆ లెక్క ధమనిలోని రక్తమే చెప్పవలెను. న్యుమోనియాతో రొప్పుచున్న కుక్కకు, శస్త్రచికిత్స బల్లమీద మత్తులోనున్న కుక్కకు ఈ పరీక్ష ఒక్కొక్కప్పుడు తప్పనిసరి యగును. జగిత్యాల నుండియో సిరిసిల్ల నుండియో ఒక గృహస్థు తన కుక్కను కోరుట్లలోని పశువైద్య కళాశాలకు తీసికొనిపోయినాడనుకొందము. ధమని నుండి రక్తము తీయవలెనని వైద్యుడు చెప్పినచో ఆ గృహస్థునకు తోచు ప్రశ్న ఒకటే: సూది తీసిన తరువాత ఆ నెత్తురు ఆగునా? ఇది చాల మామూలు ప్రశ్న. కాని ధమనికిని వైద్యశాస్త్రమునకును గల మూడు వందల యేండ్ల పరిచయములో ఈ ప్రశ్న ఎంతో ఆలస్యముగా పుట్టినది. అట్లెందుకు జరిగినదో చెప్పుటకే మా ఈ ప్రయత్నము.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరములో 1665 ప్రాంతమున రిచర్డ్ లోవర్ అను వైద్యుడు ఒక కుక్క నుండి మరియొక కుక్కకు రక్తమును ఎక్కించెను. ఒక కుక్క రక్తమును అది చావునకు సిద్ధమగు వరకు తీసివేసి, పెద్ద కుక్క మెడలోని ధమనిని దాని సిరకు గొట్టముతో కలిపెను. ధమనిలోని ఒత్తిడియే రక్తమును అటునుండి ఇటు నెట్టినది. పుచ్చుకొన్న కుక్క లేచి తిరిగినది. ఇచ్చిన కుక్క ప్రాణము పోయినది. ఈ ప్రయోగమును కొనియాడిన వారందరును లేచిన కుక్కను గూర్చియే మాటలాడిరి. పోయిన కుక్క రక్తము ఎట్లు ఆపవలెనను విచారము ఎవరికిని కలిగినట్లు కనిపించదు. పిమ్మట స్టీఫెన్ హేల్స్ అను మతాచార్యుడు గుఱ్ఱముల, కుక్కల ధమనులలో గొట్టములు పెట్టి, వానికి నిలువుగా గాజు నాళములను తగిలించి రక్తము ఎంత ఎత్తున నిలుచునో కొలిచెను. ఒక గుఱ్ఱమునందు అది 8 అడుగుల 3 అంగుళములు లేచినది. ఆపైన కొలత ప్రకారము రక్తము తీయుచు, ఎంత పోయిన యెడల ఆ ఎత్తు ఎంత తగ్గునో వ్రాసి పెట్టుకొనెను. రక్తస్రావమును అంకెలలో పట్టుటకు జరిగిన తొలి ప్రయత్నములలో ఇది ముఖ్యమైనది. ఆయన గ్రంథము 1733లో వెలువడినది.

విచిత్రమేమనగా, తరువాతి శాస్త్రజ్ఞులను వేధించిన కష్టము రక్తము ఆగకపోవుట కాదు, ఆగిపోవుట. ధమనిలో పెట్టిన గొట్టములో రక్తము గడ్డకట్టి, కొలత మధ్యలోనే చెడిపోవుచుండెను. పారిసులో పాయిసెయ్ 1828లో పాదరసపు గొట్టమును వాడినపుడు, దానికిని ధమనికిని నడుమ పొటాసియము కార్బొనేటు ద్రావణమును నింపి గడ్డకట్టుటను నివారించెను. జర్మనీలో లుడ్విగ్ 1847లో ఆ పాదరసము మీద ఒక తేలుడు పుల్లను నిలిపి, మసిపూసిన కాగితము చుట్టిన డోలు మీద అది గీత గీయునట్లు అమర్చెను. గుండె కొట్టుకొనుట కాగితము మీద తనకు తాను వ్రాసికొనుట అదే మొదలు. కాగితమనగానే మాకు కోరుట్ల జ్ఞాపకము వచ్చుచున్నది. పట్వారీలు లెక్కలు వ్రాసికొనుటకు వాడిన చేతికాగితమునకు ఒకప్పుడు ఆ ఊరు పేరుపొందినది. ఆ కాగితమునకును ఈ మసికాగితమునకును సంబంధము లేదు. ఐనను ఈ కథలో రెండవ ఘట్టము నిజాము రాజ్యములోనే జరిగినది కనుక ఆ మాట అనక తప్పలేదు.

క్లోరోఫారము 1847లో ఎడింబరోలో సింప్సన్ వలన వాడుకలోనికి వచ్చినది. మరుసటి జనవరిలోనే న్యూకాసిల్ సమీపమున 15 ఏండ్ల బాలిక ఒకతె కాలిగోరు తీయించుకొనుటకై దానిని పీల్చి మరణించినది. అప్పటి నుండి వైద్యులు రెండు పక్షములుగా చీలిరి. మత్తు ఇచ్చునపుడు శ్వాసను కనిపెట్టియుండిన చాలునని ఎడింబరో వారు. నాడిని కూడ కనిపెట్టవలెను, గుండెయే ముందు ఆగవచ్చునని లండను వారు. ఎడింబరోలో సైమ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుని వద్ద నేర్చిన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగాను, వైద్య పాఠశాలకు ముఖ్యాధికారిగాను ఉండెను. గురువు మాట నిజమని నిరూపించవలెనని ఆయన పట్టుదల. 1888లో తొలి హైదరాబాదు క్లోరోఫారము కమిషను కుక్కల మీద ప్రయోగములు చేసి, శ్వాసయే ముందు ఆగును, గుండె కాదు అని తేల్చినది. లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వము వేయి పౌనులు ఇచ్చి, మీకు నమ్మకమున్న వానిని పంపుడని లాన్సెట్‌ను కోరినది. సర్ లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చెను. రెండవ కమిషను 1889 అక్టోబరు నుండి డిసెంబరు వరకు పని చేసినది.

జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు ఆనాడు ఎలగందల జిల్లాలోనివి. జిల్లా కేంద్రము కరీంనగరునకు మారినది 1905లో. ఆ తాలూకాల శిస్తు కూడ చేరిన ఖజానా నుండియే ఆ వేయి పౌనులు పోయినవి. లండను వైద్యుల వాదమునకు మన వైపు రైతు చెల్లించిన మూల్యమని ఎవరైన అన్నచో మేము కాదనలేము. ఐతే ఒక సంస్థానపు వైద్య పాఠశాల ప్రపంచ వైద్యశాస్త్రమును తన వద్దకు రప్పించుకొన్నదను గర్వము కూడ అందులో లేకపోలేదు. స్త్రీలు వైద్యవిద్యకు వచ్చుటయే అరుదైన ఆ దినములలో ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ, మత్తుమందు ఇచ్చుటను వృత్తిగా గైకొన్న తొలి మహిళలలో ఒకరని నేడు పేరు వహించుచున్నారు.

రెండు మాసములలో సుమారు 600 జంతువుల మీద ప్రయోగములు జరిగినవి. కుక్కలే గాక కోతులు, మేకలు, గుఱ్ఱములు మొదలైనవియు వానిలో కలవు. నూటయేబదికి పైబడిన ప్రయోగములలో రక్తపు ఒత్తిడిని గీతలుగా నమోదు చేసిరి. ఆనాటి పద్ధతి ఇట్టిది: మత్తులోనున్న కుక్క ధమనిని కత్తితో విప్పి పైకి తీయుదురు. గుండె వైపున ఒక చిన్న బిగింపుతో రక్తమును నిలిపి, తల వైపున దారముతో ముడివేయుదురు. నడుమ చిన్న గాటు పెట్టి గాజు గొట్టమును దూర్చి, దానిని కూడ దారముతో కట్టి, ఉప్పు ద్రావణము నింపిన రబ్బరు గొట్టముతో పాదరసమునకు కలుపుదురు. పిమ్మట బిగింపును వదలగానే డోలు మీద గీత లేచును. ఆ దారపు ముడి జారినచో కుక్క కొద్ది నిముషములలో రక్తమంతయు పోగొట్టుకొనును. కనుక ధమని నుండి రక్తము కారకుండ చేయుట ఆ శాస్త్రజ్ఞులకు తెలియనిది కాదు. తెలియవలసినది ప్రయోగము ముగియు వరకు మాత్రమే. చాల ప్రయోగములలో క్లోరోఫారమును కుక్క చనిపోవు వరకు ఇచ్చుటయే ప్రయోగము. గొట్టము తీసిన తరువాత ఏమగునను ప్రశ్న పుట్టుటకు ఆ తరువాత అనునదే లేదు.

ఇంగ్లండులో 1876 నాటికే జంతు ప్రయోగములకు అనుమతి పత్రము కావలెనను చట్టము వచ్చియుండెను. అది నిజాము రాజ్యమునకు వర్తించదు. భారతదేశములో ప్రయోగశాలల జంతువులకు కూడ వర్తించు చట్టము 1960లో గాని రాలేదు. ఇంత చేసియు హైదరాబాదు కమిషను తీర్పు నిలువలేదు. క్లోరోఫారము తక్కువ మోతాదులో ఉన్నపుడే గుండె కంపించి అకస్మాత్తుగా ఆగిపోవచ్చునని లండనులో గుడ్‌మన్ లెవీ 1911లో చూపెను. శ్వాసను కనిపెట్టుడని లారీ చెప్పినది మంచి మాటయే, నాడిని విడిచిపెట్టుడని చెప్పినది అపాయకరమైన మాట. ఆ కుక్కలు మిగిల్చిన గీతలు మాత్రము అబద్ధము కాదు. వానిని చదివిన తీరులో తొందరపాటు కలదు.

గొట్టములో గడ్డకట్టు కష్టము తీరినదియు కుక్క వలననే. 1916లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హోవెల్ ప్రయోగశాలలో మెక్లీన్ అను వైద్య విద్యార్థి కుక్క కాలేయము నుండి తీసిన పదార్థమొకటి రక్తమును గడ్డకట్టనీయకుండుట కనుగొనెను. కాలేయమునకు గ్రీకు భాషలో గల పేరును బట్టి 1918లో దానికి హెపారిన్ అని పేరు పెట్టిరి. నేడు ధమని రక్తమును తీయు ప్రతి సిరంజిలోను ఆ హెపారిన్ తడి యుండును. అదే సమయమున మనుష్యుల ధమనులలో కూడ సూదితో రక్తము తీయుట ఆరంభమైనది. స్టేడీ 1919లో న్యుమోనియా రోగులకు అట్లు చేసి, వారి పెదవుల నీలివన్నెకు కారణము ప్రాణవాయువు కొరతయే యని చూపెను. రోగి బ్రతికి ఇంటికి పోవలసినవాడు కనుక, సూది తీసిన పిమ్మటి రక్తస్రావమును గూర్చిన ఆలోచన అప్పుడు గాని పుట్టలేదు. 1950 దశాబ్దములో క్లార్క్, సెవరింగ్‌హౌస్ మొదలగువారు ధమని రక్తములోని వాయువులను కొలుచు విద్యుత్ సాధనములను నిర్మించిన పిమ్మట ఈ పరీక్ష ఆసుపత్రులకును, క్రమముగా పశువైద్యశాలలకును వ్యాపించినది. రెండు శతాబ్దములకు పైగా ప్రయోగపు బల్ల మీద పడియున్న కుక్క అప్పటికి రోగి యైనది.

నేటి పద్ధతిలో కత్తి లేదు. వెనుకకాలి పాదము పైభాగమున, ఎముకల మీదుగా పోవు సన్నని ధమనిని వ్రేలితో తడిమి, నాడి కొట్టుకొను చోట సన్నని సూదిని ఏటవాలుగా దించుదురు. ఒక మిల్లీలీటరు రక్తము చాలును. 20 కిలోల కుక్క ఒంటిలో సుమారు 1,700 మిల్లీలీటర్ల రక్తముండును కనుక తీసినది లెక్కకు రాదు. లెక్కకు వచ్చునది తీయనిది, అనగా సూది తీసిన రంధ్రము నుండి లోపల కారునది. తొడ లోపలి వైపున పెద్ద ధమని యున్నది. అది సులభముగా చేతికి దొరకును కాని కండరముల నడుమ, వదులైన చర్మము క్రింద నుండును. అక్కడ కారిన నెత్తురు పైకి చుక్కయైనను కనిపించకుండ తొడలో చేరి గడ్డయై, పక్కనున్న నరమును నొక్కి కుక్కను కుంటించవచ్చును. పాదము మీద ఐనచో క్రింద ఎముక యుండును కనుక వ్రేలితో అదుముటకు ఆనిక దొరకును, పైన కట్టు కట్టవచ్చును. కనుక అనుభవజ్ఞులు ముందు పాదమునే చూతురు. ఆరోగ్యముగల రక్తమైనచో ఐదు నిముషముల ఒత్తిడితో ధమని మూసికొనును. ప్రమాదమంతయు రక్తమే చెడిన కుక్కయందున్నది. అట్టి కుక్కలు మన మూడు ఊళ్ళ చుట్టుపట్ల అరుదు కావు.

మొదటి కారణము పిడుదులు. కొందరు గోమారులందురు. చెవుల మడతలలోను, వ్రేళ్ళ సందులలోను పట్టు ఆ గోధుమవన్నె పురుగు గోడ పగుళ్ళలో గ్రుడ్లు పెట్టును. ఆ కాటు వలన ఎర్లికియా అను సూక్ష్మజీవి రక్తములో ప్రవేశించును. దీనిని 1935లో అల్జీరియాలో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గుర్తించిరి. లోకమునకు దీని తీవ్రత తెలిసినది వియత్నాం యుద్ధములో. అమెరికా సైన్యపు కుక్కలు వందల సంఖ్యలో ముక్కున నెత్తురు కారి చనిపోయినవి. రక్తనాళమునకు చిల్లు పడినపుడు మొదట పరుగెత్తుకొనివచ్చి అడ్డుపడు ప్లేట్‌లెట్లను ఈ వ్యాధి హరించును. మైక్రోలీటరు రక్తములో 2 లక్షలకు పైగా నుండవలసిన ఆ కణములు 50 వేలకు దిగినచో ధమనిలో సూది పెట్టుటకు వైద్యుడు వెనుకాడవలెను. 30 వేలకు దిగువ నున్న కుక్కకు సూది లేకయే చిగుళ్ళ నుండి, ముక్కు నుండి నెత్తురు రావచ్చును. పైకి ఆ కుక్క కొంచెము నీరసముగా, అన్నము సగము వదలివేయుచు కనిపించును, అంతే. అందుచేత మా కుక్కకు పిడుదులు పట్టినవి, పోయిన నెలలో జ్వరము వచ్చినది అని ఇంటివారు చెప్పు ఒక్క మాట వైద్యునకు ఎంతో విలువైనది. అడుగకపోయినను చెప్పవలెను.

రెండవది ఎలుకల మందు. పోచంపాడు ప్రాజెక్టునకు 1963లో శంకుస్థాపన జరిగినది. కాలువలు వచ్చిన పిమ్మట జగిత్యాల ప్రాంతమున వరి విస్తరించినది. వరి యున్నచోట ఎలుకయు, ఎలుకయున్నచోట మందును ఉండుట సహజము. ఈ మందుల పుట్టుక కూడ పశువుల రక్తస్రావములోనే యున్నది. 1933లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున ఒక రైతు గడ్డకట్టని ఆవు నెత్తురును పాలడబ్బాలో పోసికొని విశ్వవిద్యాలయమునకు వచ్చెను. ఆవు తిన్నది బూజుపట్టిన గడ్డి. కార్ల్ లింక్ ఆ గడ్డిలోని విషమును వేరుచేయగా, దాని వంశములోనిదే వార్‌ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకమునకు వచ్చినది. నేడు పొలములలో వాడు బ్రొమాడియొలోన్ అంతకంటె బలమైనది. మందు గాని, మందు తిన్న ఎలుకను గాని కుక్క తిన్నచో మూడు నాలుగు దినముల వరకు ఏమియు తెలియదు. ఆపైన ధమనిలో సూది గ్రుచ్చిన యెడల అది ఆగదు. దీనికి విరుగుడు విటమిను కె. అది పని చేయు వరకు కొన్ని గంటలు ఓపిక పట్టవలెను.

మూడవది పాము. రక్తపింజర అను పేరులోనే దాని పని యున్నది. 1780 దశాబ్దములో విశాఖపట్టణములో ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండిన పాట్రిక్ రస్సెల్ మన తీరపు పాములను సేకరించి, కోళ్ళను, కుక్కలను కాటు వేయించి ఫలితములు వ్రాసి, 1796లో గ్రంథముగా ప్రకటించెను. ఈ పామును ఆయన అక్కడి వారు పిలిచిన కాటుక రేకుల పొడ అను తెలుగు పేరుతోనే నమోదు చేసెను. పాశ్చాత్యులు తరువాత దానికి రస్సెల్ పేరే పెట్టిరి. తెలుగు పేరే అందముగా నున్నదని మా అభిప్రాయము. దీని విషము రక్తములోని గడ్డకట్టు ద్రవ్యములనన్నిటిని ఒక్కసారిగా ఖర్చు చేయించివేయును. పిమ్మట నెత్తురు నీటివలె నుండును. పరీక్షకు పెద్ద యంత్రము అక్కరలేదు. సిర నుండి కొంచెము రక్తమును శుభ్రమైన పొడి గాజుగొట్టములో పోసి, 20 నిముషములు కదలించకుండ ఉంచి, పిమ్మట వంచి చూడవలెను. జారినచో ధమని జోలికి పోరాదు.

ఎలుకల మందు తిన్న కుక్క విషయములో కూడ ఈ గాజుగొట్టము కొంత చెప్పగలదు. ప్లేట్‌లెట్ల కొరతను మాత్రము అది చూపదు. దానికి కణముల లెక్క కావలెను, లేదా పై పెదవి లోపలి వైపున చిన్న గాటు పెట్టి నెత్తురు ఎంతసేపటికి ఆగునో గడియారముతో చూడవలెను. ఆరోగ్యముగల కుక్కకు నాలుగు నిముషములు దాటదు. డోబర్‌మన్ జాతి కుక్కలలో కొన్నిటికి పుట్టుకతోనే ఈ లోపముండును. ఇవన్నియు చూచిన పిమ్మట కూడ, ధమని రక్తము నిజముగా కావలెనా యని వైద్యుడు మరల ఆలోచించుకొనుట మంచిది. జపానులో అవోయాగి 1970 దశాబ్దములో రూపొందించిన సూత్రము మీద నడచు చిన్న సాధనమును మత్తులోనున్న కుక్క నాలుకకు తగిలించినచో, ప్రాణవాయువు లెక్క సూది లేకయే చాలవరకు తెలియును. నాడు 600 ప్రాణములతో తేల్చదలచిన వివాదములో ఎంతో భాగము నేడు నాలుక మీది ఎఱ్ఱని వెలుగుతో తేలిపోవుచున్నది.

సూది తప్పనిసరి యైనపుడు, అది బయటికి వచ్చిన క్షణము నుండి వ్రేలు ఎత్తరాదు. ఆగినదా యని నడుమ నడుమ ఎత్తి చూచుట వలన అప్పుడే ఏర్పడిన గడ్డ ఊడిపోవును. గోడ గడియారము చూచుచు ఐదు నిముషములు, అనుమానము కలిగినచో పది నిముషములు అదిమి, పిమ్మట కట్టు కట్టవలెను. కుక్కను వెంటనే బండి ఎక్కించి సిరిసిల్లకో జగిత్యాలకో బయలుదేరక, కొంతసేపు నీడన పడుకొనబెట్టి, కట్టు క్రింద పాదము చల్లబడుచున్నదేమో, తొడ ఉబ్బుచున్నదేమో చేతితో తడిమి చూడవలెను. ఆ రాత్రి మరియొకసారి చూడవలెను.